మీ అమ్మమ్మగారిని ఒక్క మాట అడగండి

ఆ అమ్మాయికి ఇరవయ్యారేళ్లు. మూడేళ్ల పాపకు తల్లి. కొత్తగా కట్టుకున్న ఇంటికి గృహప్రవేశం, ఆ మర్నాడు సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. సరిగ్గా ఆ రోజులకే బయట చేరవలసి వస్తుందేమోనని, నెలసరి వాయిదా వేసే మాత్రలు రోజుకు మూడు చొప్పున పదిహేను రోజులు మింగింది. డాక్టరు చీటీ ఏదీ లేకుండానే మందుల షాపువాడు ఇచ్చాడు. వ్రతం చక్కగా జరిగింది. నాలుగోనాడు ఎడమ పిక్కలో నొప్పి మొదలైంది. పని ఎక్కువై నరం పట్టేసిందనుకుని, ఆముదం వెచ్చచేసి గట్టిగా మర్దనా చేశారు. తెల్లారేసరికి కాలు తొడదాకా వాచి, చర్మం నిగనిగలాడుతూ, రంగు తిరిగిపోయింది. అప్పుడు మా ఆసుపత్రికి తీసుకువచ్చారు.

డాప్లర్ స్కాను చేయిస్తే తొడలోని పెద్ద సిరలో రక్తం గడ్డకట్టి ఉంది. చెడురక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే గొట్టాలే సిరలు. వాటిలో గడ్డ ఏర్పడితే కాలు వాచడం ఒక్కటే కాదు ప్రమాదం. ఆ గడ్డలోంచి ఒక ముక్క తెగి, రక్తంతోపాటు కొట్టుకుపోయి, గుండె దాటి ఊపిరితిత్తుల్లో అడ్డుపడిందంటే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. అలాంటి కాలిని మర్దనా చేయడం ఎంత పొరపాటో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ అమ్మాయి అదృష్టవంతురాలు.

చికిత్స మొదలుపెట్టి, మామూలుగా అడిగే ప్రశ్నే అడిగాను. ‘‘మీ ఇంట్లో ఎవరికైనా ఇంతకుముందు ఇలా కాలు వాచిందా అమ్మా? చిన్న వయసులో హఠాత్తుగా ఎవరైనా పోయారా?’’

అమ్మాయి లేదంది. భర్త, అత్తగారు పక్కనే ఉన్నారు. వెంట వచ్చిన అమ్మమ్మగారు మాత్రం తలుపు వైపు చూస్తూ నిలబడింది. వాళ్లిద్దరూ మందులు తేవడానికి వెళ్లాక దగ్గరకు వచ్చి గొంతు తగ్గించింది.

‘‘బాబూ, అత్తోరి ముందు చెప్పలేకపోయానండి. దీని తల్లి రెండో కాన్పుకి పురిట్లోనే పోయిందండి. పదకొండో రోజున స్నానం చేయించి మంచం మీద కూచోబెడితే ఒక్కసారిగా ఆయాసం వచ్చి అలాగే ఒరిగిపోయింది. వాతం కమ్మిందన్నారండి. మా పెద్దాడికీ ముప్ఫై నాలుగో ఏట ఇలాగే కాలు వాచింది. బోదకాలని మందులు వాడుతూనే ఉన్నాడు, వాపు మాత్రం తియ్యలేదు. ఇవన్నీ బయటపెడితే పిల్లలకు సంబంధాలు తప్పిపోతాయని ఎవరితోనూ అనలేదండి.’’

‘‘ఆ రెండో కాన్పులో పుట్టిన బిడ్డ?’’ అన్నాను.

‘‘ఉందండి. దీని చెల్లెలు. ఇప్పుడు దానికి మూడో నెల. మా పెద్దాడి కొడుక్కే ఇచ్చామండి, మేనరికం.’’

చేతిలో కలం కింద పెట్టేశాను. అక్క కాలి సంగతి ఎలాగూ మా చేతిలో ఉంది. ప్రమాదం అంచున ఉన్నది ఆసుపత్రికి రాని ఆ చెల్లెలు!

ఇలాంటి విషయం దాచినవాళ్లను కోప్పడి లాభం లేదు. ఇరవయ్యేళ్ల కిందట నేనూ సరిగా అడిగేవాణ్ణి కాదు. కేసు షీటులో కుటుంబ చరిత్ర అనే గడిలో ‘షుగరు లేదు, బి.పి. లేదు’ అని రాసి ముందుకు వెళ్లిపోయేవాణ్ణి. అడగని ప్రశ్నకు జవాబు ఎవరు చెబుతారు?

సిరల్లో రక్తం ఎందుకు గడ్డకడుతుంది? జర్మన్ శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ విర్కో 1850 దశకంలోనే దీనిమీద పనిచేశాడు. ఆయన పేరుమీద డాక్టర్లు ఇప్పటికీ మూడు కారణాలు చెప్పుకుంటారు. రక్త ప్రవాహం మందగించడం, రక్తనాళం గోడ దెబ్బతినడం, రక్తం స్వభావమే గడ్డకట్టే వైపు మొగ్గడం. మన డెల్టా కాలవలు చూసినవారికి మొదటి కారణం వివరించనక్కర్లేదు. నీరు పారుతున్నంత సేపూ బాగానే ఉంటుంది. పారుదల తగ్గిందా, గుర్రపుడెక్క అల్లుకుపోతుంది. ఆపరేషనై మంచం పట్టినవారికీ, కాలికి పిండికట్టు వేసినవారికీ గడ్డలు ఏర్పడేది అందుకే. మూడో కారణంలోనే వంశపారంపర్యం సంగతి ఉంది.

వేలు తెగితే రక్తం గడ్డకట్టాలి, లేకపోతే బతకం. కాని ఆ గడ్డ వేలి దగ్గరే ఆగాలి, ఒళ్లంతా పాకకూడదు. అందుకని గడ్డకట్టించే పదార్థాలతో పాటు వాటికి కళ్లెం వేసే పదార్థాలు కూడా మన రక్తంలో ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి యాంటీత్రాంబిన్, ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్ అనే మూడు. వీటిని తయారుచేయడానికి తల్లి నుంచి ఒక జన్యువు, తండ్రి నుంచి ఒక జన్యువు వస్తాయి. రెంటిలో ఒకటి లోపమున్నదైతే కళ్లెం సగం బలంతోనే పనిచేస్తుంది. నార్వేలో ఎగెబెర్గ్ అనే డాక్టరు, ఒకే కుటుంబంలో చాలామందికి రక్తం గడ్డకట్టడం చూసి, వారిలో యాంటీత్రాంబిన్ తక్కువగా ఉందని 1965లో ప్రకటించాడు. ప్రొటీన్ సి, ఎస్ లోపాలు 1980 దశకంలో బయటపడ్డాయి. 1993లో స్వీడన్‌కు చెందిన డాల్‌బాక్ మరో చిత్రం కనిపెట్టాడు. కొన్ని కుటుంబాల్లో కళ్లెం బాగానే ఉంది, గుర్రమే దానికి లొంగడం లేదు! ఆ మొండి గుర్రం గడ్డకట్టించే ఐదో ఫ్యాక్టరని, దాని జన్యువులో చిన్న మార్పు ఉందని మరుసటి ఏడు హాలండులోని లైడెన్ నగరంలో తేల్చారు. అందుకే దానికి ‘ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్’ అని పేరు. 1996లో ప్రోత్రాంబిన్ జన్యువులో ఇంకో మార్పు కూడా లైడెన్‌లోనే దొరికింది.

యూరపు తెల్లవారిలో నూటికి సుమారు ఐదుగురిలో ఈ లైడెన్ మార్పు ఉంటుంది. మన దేశంలో అది చాలా తక్కువ, ప్రోత్రాంబిన్ మార్పు మరీ అరుదు. అమెరికాలో ఉన్న మీ అబ్బాయి ఇంటర్నెట్‌లో చదివి ‘నాన్నా, లైడెన్ టెస్టు చేయించుకో’ అని ఫోను చేస్తే కంగారు పడకండి. మనవాళ్లలో వెదకవలసినవి ముఖ్యంగా మొదట చెప్పిన మూడు లోపాలే. ‘ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్.’ అనే జన్యు పరీక్ష ఒకటి లేబొరేటరీల వాళ్లు ప్యాకేజీలో కలిపి చేస్తున్నారు. అందులో మార్పు ఉందని రిపోర్టు పట్టుకుని ఏడుస్తూ వచ్చినవారిని చూశాను. ఆ మార్పు ఎంతోమందిలో మామూలుగానే ఉంటుంది. దానివల్ల గడ్డలు వస్తాయని చెప్పడానికి ఆధారం లేదు, ఆ పరీక్షకు డబ్బు తగలేయవద్దు.

లోపం ఉన్న ప్రతివారికీ జబ్బు వస్తుందా? రాదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. పాశ్చాత్య దేశాల లెక్కల్లో ఏడాదికి వెయ్యిమందిలో సుమారు ఒకరికి సిరల్లో గడ్డ వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే లైడెన్ మార్పు వచ్చినవారిలో ఆ ఒకరు ముగ్గురో, ఐదుగురో అవుతారు. మిగతావాళ్లు ఏ బాధా లేకుండా మనవల్ని ఎత్తుకుంటారు. ప్రొటీన్ సి, ఎస్, యాంటీత్రాంబిన్ లోపాల్లో ప్రమాదం ఇంతకన్నా ఎక్కువే. అయినా చాలామందిలో జన్యులోపం దానంతటది ప్రాణం మీదికి తేదు. దానికి ఇంకొకటి తోడవ్వాలి. కాన్పు, ఆపరేషను, విరిగిన ఎముక, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు, రోజుల తరబడి మంచం. ఈ తోడయ్యేవాటిని మన చేతిలో ఉంచుకోవచ్చు కనుకనే ఇదంతా రాస్తున్నాను.

ఆ మాత్రల సంగతి చూడండి. నెలసరి వాయిదాకు వాడేది నోరెథిస్టెరోన్. అందులో ఈస్ట్రోజెన్ లేదు కదా అని మేమూ ఒకప్పుడు నిశ్చింతగా రాసేవాళ్లం. రోజుకు మూడు చొప్పున వేసుకున్నప్పుడు అందులో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుందని తర్వాత తెలిసింది. పెళ్లి, వ్రతం, తిరుపతి ప్రయాణం అంటూ మన ఇళ్లలో ఇవి చాక్లెట్లలా చేతులు మారుతున్నాయి. ఆరోగ్యవంతురాలు డాక్టర్ని అడిగి నాలుగు రోజులు వాడితే కొంప మునిగిపోదు. కాని తల్లికో, అక్కకో, మేనమామకో గడ్డకట్టిన చరిత్ర ఉంటే వాటి జోలికి పోకూడదు. కుటుంబ నియంత్రణకు ప్రభుత్వం ఇచ్చే మాలా-ఎన్ వంటి మాత్రల్లో నేరుగా ఈస్ట్రోజెనే ఉంటుంది, అవీ ఇలాంటి ఇళ్లలోని ఆడపిల్లలకు తగవు. వారికి కాపర్-టి ఉంది. పూజ సంగతంటారా, అది మీ ఇంటి విషయం. తేదీ మార్చుకోవడం ప్రాణం మార్చుకోవడం కన్నా సులువు.

ఇక పరీక్షలు. గడ్డకట్టిన రోజునే ‘జన్యు పరీక్షలన్నీ రాయండి’ అని బంధువులు పట్టుబడుతూంటారు. ఆ రోజున చేస్తే మోసపోతాం. కొత్తగా గడ్డ ఏర్పడినప్పుడు ఈ మూడు పదార్థాలూ అందులో ఖర్చయిపోయి తక్కువగా కనబడతాయి. హెపారిన్ ఇంజెక్షన్లు వాడుతూంటే యాంటీత్రాంబిన్ తగ్గుతుంది. వార్‌ఫరిన్, ఎసిట్రామ్ మాత్రలు వాడుతూంటే ప్రొటీన్ సి, ఎస్ రెండూ తగ్గుతాయి. గర్భిణిలో ప్రొటీన్ ఎస్ సహజంగానే పడిపోతుంది. లోపం లేనివారికి జీవితాంతం లోపముందని ముద్ర వేసిన రిపోర్టులు ఇలా పుట్టినవే. మందులు ఆపదగిన స్థితి వచ్చాక, ఆపిన కొన్ని వారాలకు చేయించాలి. ఒకసారి తక్కువ వస్తే మళ్లీ చేయించి నిర్ధారించుకోవాలి. లైడెన్ లాంటి జన్యు మార్పులకు మాత్రం ఈ పట్టింపు లేదు, ఎప్పుడు చేసినా ఒకటే జవాబు.

అంచేత ఆ రోజున నేను అక్క రక్తం పంపలేదు. మేనమామనూ, చెల్లెల్నీ పిలిపించాను. ఇద్దరూ రక్తం గడ్డకట్టకుండా చేసే మందులేవీ వాడటం లేదు. ఇద్దరిలోనూ ప్రొటీన్ సి ఉండవలసినదానిలో సగమే ఉంది. రెండోసారీ అంతే. మేనమామ కాలికి డాప్లర్ చేస్తే పాత గడ్డ మిగిల్చిన మచ్చలు కనిపించాయి. బోదకాలు మన కోస్తాలో ఎంతగా ఉండేదంటే, ఏ కాలు వాచినా మరో ఆలోచన రాకపోవడంలో వింతలేదు. ఆయన చీలమండ పైన నల్లబడి, మానని పుండు కూడా ఉంది. ఆ వాపు పూర్తిగా పోదు. కాని బిగుతు మేజోళ్లు వేసి, రాత్రిపూట కాలు ఎత్తున పెట్టుకోమన్న తర్వాత పుండు మానుముఖం పట్టింది.

చెల్లెలి భర్తను కూడా పరీక్ష చేయించాలన్నప్పుడు ఇంట్లో కొంత గొడవ జరిగింది. ‘వాడికేం, రాయిలా ఉన్నాడు’ అన్నారు. సంగతి ఏమిటంటే, లోపమున్న తల్లి నుంచి కాని తండ్రి నుంచి కాని ఆ జన్యువు బిడ్డకు రావడానికి సగానికి సగం అవకాశం ఉంది, ఆడబిడ్డయినా మగబిడ్డయినా సరే. ఈ అబ్బాయి మేనమామ కొడుకు, అతనికీ రావచ్చు. భార్యాభర్తలిద్దరిలోనూ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ రెండు లోపపు జన్యువులూ చేరే అవకాశం నాలుగింట ఒక వంతు. అలాంటి బిడ్డకు ప్రొటీన్ సి దాదాపు ఉండదు. పుట్టిన కొద్ది గంటల్లో, రోజుల్లో చర్మం మీద నల్లని మచ్చలు లేచి, సన్నని నాళాలన్నిటిలో రక్తం గడ్డకడుతుంది. కళ్లు, మెదడు దెబ్బతినవచ్చు. వెంటనే ప్లాస్మా ఎక్కించకపోతే బతకడం కష్టం. ఇది లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బు, కాని మేనరికాల్లో ఆ లెక్క మారిపోతుంది. మేనరికం చేసుకున్నవాళ్లంతా బెదిరిపోవాలని కాదు నా ఉద్దేశం. ఇంట్లో ఇంత చరిత్ర ఉన్నప్పుడు తెలుసుకోకుండా కూర్చోవడం మాత్రం తప్పు. అబ్బాయి రిపోర్టు వచ్చిన రోజున నాకే చేతులు చల్లబడ్డాయి. మామూలుగా ఉంది.

చెల్లెలికి ఏడో నెల నుంచి రోజూ ఒక హెపారిన్ ఇంజెక్షను, పొట్ట చర్మం కింద. ఇది మాయను దాటి బిడ్డను చేరదు. అదే వార్‌ఫరిన్ అయితే గర్భంలోని శిశువుకు అవకరాలు తెస్తుంది. అందుకే ఆ మాత్రలు వాడుతున్న స్త్రీ నెల తప్పిందనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. కొత్తగా వచ్చిన రివరోక్సబాన్, అపిక్సబాన్ మాత్రలు కూడా గర్భిణులకు పనికిరావు. కాన్పుకు ఒక రోజు ముందు ఇంజెక్షను ఆపి, కాన్పయ్యాక మళ్లీ మొదలుపెట్టి ఆరు వారాలు ఇచ్చాం. ఎంచేతనంటే గర్భం తొమ్మిది నెలల కన్నా కాన్పు తర్వాతి ఆరు వారాల్లోనే గడ్డల ప్రమాదం ఎక్కువ. ఇంజెక్షన్లు వాడుతూ బిడ్డకు పాలు ఇవ్వవచ్చు.

బాలింతల మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. పథ్యం పేరుతో మంచినీళ్లు కొలిచి ఇవ్వడం, చలిగాలి తగలకూడదని పది రోజులు మంచం దిగనీయకపోవడం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉంది. నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది, కదలకపోతే ప్రవాహం మందగిస్తుంది. కళ్లెం సగమే ఉన్న బాలింతకు ఈ రెండూ తోడైతే ఏం జరుగుతుందో ఊహించుకోండి. గడ్డ కాలిలోనే రావాలని లేదు, మెదడులోని సిరల్లోనూ వస్తుంది. కాన్పయిన వారం పది రోజులకు తగ్గని తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఫిట్స్, ఒక చెయ్యి పడిపోవడం. ఇవి గాలి సోకో, దిష్టి తగిలో వచ్చేవి కావు. అలాగని ఇది ఆడవాళ్ల జబ్బని మగవాళ్లు చేతులు దులుపుకోవద్దు. హైదరాబాదు నిమ్స్ వైద్యులు మెదడు సిరల్లో గడ్డకట్టిన 428 మంది వివరాలు 2012లో ప్రచురించారు. వారిలో సగానికి పైగా మగవాళ్లే.

మరి అందరూ పరీక్షలు చేయించుకోవాలా? అక్కర్లేదు. నేనైతే ఇలా చూస్తాను. యాభయ్యేళ్లలోపు, పెద్ద కారణమేమీ లేకుండా గడ్డకట్టినవారు, మళ్లీ మళ్లీ వస్తున్నవారు, మెదడులోనో పొట్టలోని సిరల్లోనో వచ్చినవారు, రక్తసంబంధీకుల్లో ఇద్దరు ముగ్గురికి వచ్చినవారు. వీరిలో కూడా రిపోర్టు వల్ల చికిత్స మారేటట్లయితేనే. తుంటి ఆపరేషను తర్వాత డెబ్బయ్యేళ్ల తాతగారికి కాలిలో గడ్డ వస్తే జన్యువుల్ని వెదికి ఒరిగేదేమీ లేదు.

పరీక్ష లేకపోయినా, ఇంట్లో చరిత్ర ఉన్నవారు ఆపరేషనుకు ముందు ఆ మాట సర్జనుకు తప్పక చెప్పండి. ముందుగానే ఇంజెక్షన్లు ఇచ్చి కాపాడవచ్చు. కూతురి పురుటికని అమెరికా విమానం ఎక్కే తల్లులు గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి, కూర్చున్నచోటే పాదాలు పైకీ కిందికీ ఆడించండి, బాత్‌రూముకు వెళ్లాలన్న మొహమాటంతో నీళ్లు మానేయకండి. ఒక్క కాలే వాచినా, పిక్క వెచ్చగా నొప్పిగా ఉన్నా అదే రోజు డాక్టరుకు చూపించండి. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం పడితే ఆలోచించకుండా 108కి ఫోను చేయండి.

మా పేషెంటు సంగతి. ప్రొటీన్ సి లోపముందన్న అనుమానంతో వార్‌ఫరిన్ ఒక్కటే మొదలుపెట్టలేదు. అలా పెడితే తొలి రోజుల్లో ఉన్న కాస్త ప్రొటీన్ సి కూడా పడిపోయి, చర్మం నల్లబడి కుళ్లే ప్రమాదం ఉంది. హెపారిన్ నీడలో కొద్ది మోతాదుతో మొదలుపెట్టాం. ఐ.ఎన్.ఆర్. అనే పరీక్ష రెండుకూ మూడుకూ మధ్య ఉండాలి. ‘రక్తం పలచబడే మందు’ అని అందరూ అంటారు కాని, రక్తమేమీ పలచబడదు, గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, అంతే. ఆకుకూరలు మానేయాలా అని అడిగింది. మాననక్కర్లేదు, ఒక వారం రోజూ తోటకూర తిని మరో వారం పూర్తిగా మానేయడం లాంటివి చేయకూడదు, రోజూ ఇంచుమించు ఒకేలా తినాలి. ఒళ్లు నొప్పులకని షాపులో మాత్రలు కొనుక్కుని మింగవద్దని కూడా చెప్పాను, రక్తస్రావం అవుతుంది.

చెల్లెలికి మగపిల్లవాడు పుట్టాడు. ఆరు వారాలు దాటాక అమ్మమ్మగారు మనవరాలినీ ముని మనవణ్ణీ వెంటబెట్టుకుని వచ్చింది. ఆ వెనకే అక్క, ఆమె అత్తగారు. అత్తగారికి అప్పటికి సంగతంతా తెలిసింది, నేను భయపడినంత గొడవ జరగలేదు. ఆమె అడిగింది ఒకటే, మూడేళ్ల పాపకు కూడా ఇప్పుడే పరీక్ష చేయించమంటారా అని. ఇప్పుడు వద్దన్నాను. చిన్నపిల్లల్లో ప్రొటీన్ సి సహజంగానే పెద్దల కన్నా తక్కువగా ఉంటుంది, పైగా ఈ వయసులో గడ్డలు రావడం అరుదు. పెద్దమనిషయ్యాక పదిహేను పదహారేళ్లప్పుడు చేయిస్తే చాలు. ఈలోగా ఆపరేషనేదైనా అవసరమైతే కుటుంబ చరిత్ర చెప్పాలి, అది మరిచిపోకుండా పాప టీకాల కార్డు వెనక రాసి ఉంచుకోండి అన్నాను. ఆవిడ సంచిలోంచి కార్డు తీసి, కళ్లజోడు తేలేదంటూ నా చేతికిచ్చింది. ‘‘మీరే రాయండి డాక్టరుగారూ, పెద్ద అక్షరాలతో’’ అంది.